అమ్మ వంతు ప్రార్థన

సోమవారం

గూడూరు నుంచి తిరుపతి పోయే రైల్లో సగం మంది కొండకు పోయేవాళ్లే. వెంకటగిరి దాటాక ఎదురు సీట్లోని పెద్దావిడ "నువ్వూ కొండకేనామ్మా?" అని అడిగింది. కాదండీ, చంద్రగిరి దారిలో సిస్టర్ల ధ్యాన గృహం ఒకటుంది, అక్కడ ఎవరితోనూ మాట్లాడకుండా కొన్నాళ్లు ప్రార్థన చేసుకుందామని పోతున్నాను అన్నాను. "మొక్కుబడా?" అంది. ఒక రకంగా అంతే అన్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది.

అది మొక్కుబడి కాదు. నిరుడు మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొంత తేరుకున్నాయి గానీ మాట మాత్రం పోయింది. మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలితే చాలామందికి ఇలా అవుతుందనీ, దీన్ని అఫేసియా అంటారనీ వేలూరులో డాక్టర్లు చెప్పారు. మనం చెప్పేది అమ్మకు చాలావరకు అర్థమవుతుంది. ఆమె చెప్పాలనుకున్నదే బయటికి రాదు. నీళ్లు కావాలన్నా, కిటికీ మూయాలన్నా, నొప్పిగా ఉన్నా "అదే... అదే" అంటుంది. ఇప్పుడు చిత్తూరులో మా చిన్నమ్మ దగ్గర ఉంటోంది. వేలూరు దగ్గర కాబట్టి ఆస్పత్రికి తీసుకుపోవడం సులువు.

మా అమ్మ ప్రార్థన చేస్తే వినాలి అనేవాళ్లు మా సంఘంలో. స్త్రీల సమాజంలో ఎవరింట్లో కష్టమొచ్చినా ఆమెనే పిలిచేవాళ్లు. మా తెలుగు సంఘాల్లో ప్రార్థన అంటే ముందు గొంతే కదా. అందరం ఒక్కసారిగా బిగ్గరగా చేసే ప్రార్థన, మైకు, రాత్రి కూటాలు, ఉపవాస ప్రార్థనల్లో బొంగురుపోయిన గొంతులు. నేను పెరిగింది అందులోనే, నాకు అదంటే ప్రేమ. ఏడుస్తూ వచ్చిన మనిషి ఆ గొంతుల మధ్య నిలబడి ధైర్యం తెచ్చుకుని వెళ్లడం ఎన్నోసార్లు చూశాను. కానీ గొంతే ప్రార్థన అయితే గొంతు పోయినవాళ్లు ఎక్కడికి పోవాలి? ఒక కూటానికి వచ్చిన ప్రసంగీకుడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, విశ్వాసం ఉంటే ఈపాటికి మాట వచ్చేది అని అందరి ముందూ అన్నాడు. అమ్మకు అర్థమైంది. ఇంటికొచ్చాక గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు.

మాట లేకుండా ప్రార్థన ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని అప్పటినుంచీ నాకు పట్టుదల. మా స్కూల్లో తోటి టీచరు ఒకామె, కాథలిక్కు, ఈ ధ్యాన గృహం గురించి చెప్పింది.

మాది లూథరన్ కుటుంబం. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ నుంచి వచ్చిన ఆగస్ట్ మిలియస్ సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన సంఘం మాది. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం కేంద్రం తిరుపతిలోనే ఉంది. కాబట్టి కొండ కింద ఊళ్లో ప్రార్థనకు రావడం మా ఇంట్లో ఎవరికీ వింత కాదు. వింతగా తోచిందల్లా మౌనమే. "మాట్లాడకుండా ప్రార్థనేంటి, అదేమన్నా యోగా క్లాసా?" అని మా ఆయన ఫోన్లో రెండుసార్లు అడిగాడు.

స్టేషన్లో దిగి ఆటోలో వెళ్లేసరికి చీకటి పడుతోంది. గేటు దగ్గర రెండు వేపచెట్లు, వెనక శేషాచలం కొండలు. నడక దారి దీపాలు కొండ మీదికి వరసగా కనబడుతున్నాయి. ధ్యానం నడిపించే సిస్టర్ వయసులో పెద్దావిడ. మనిషి మెత్తన, నియమం గట్టి. ఫోన్లన్నీ పేర్లు రాసిన గుడ్డ సంచుల్లో వేసి ఆఫీసు బీరువాలో పెట్టించింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా మాటలుండవు. రోజుకోసారి ఆమెతో విడిగా కాసేపు మాట్లాడొచ్చు, సాయంత్రం ఆమె అందరికీ ఒక మాట చెప్తుంది, అంతే. "మౌనమంటే నోరు కట్టేసుకోవడం కాదమ్మా. దేవుడికి వంతు ఇవ్వడం" అంది. రాత్రి భోజనం అయ్యాక గంట కొట్టారు. మౌనం మొదలైంది.

మంగళవారం

ఐదు గంటలకు గంట. చాపెల్లో అరగంట మౌనం, తరవాత దివ్యపూజ. నేను వెనక వరసలో కూర్చున్నాను. మొత్తం ఇరవై మంది లోపే ఉన్నాం. పలమనేరు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇద్దరు నర్సులు, ఒక రైతు కుటుంబం, కొందరు సిస్టర్లు. తపస్సు కాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే లెంటు, మొదలైన వారం కదా, అందుకే ఈ మాత్రం జనం ఉన్నారని తరవాత తెలిసింది.

పగలంతా నా తలలో నేనే మాట్లాడుకుంటూ ఉన్నాను. స్కూలు, పిల్లల పేపర్లు, ఇంట్లో గ్యాసు బండ బుక్ చేయని సంగతి, ఎప్పుడో పదేళ్ల కింద ఎవరో అన్న మాట. ఫోను మోగినట్టు రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. నర్సు పిల్లల్లో ఒకమ్మాయికి మధ్యాహ్నానికి టెన్షన్ తట్టుకోలేక ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చడానికి పోలేదు. నాకు అది మొదట కఠినంగా అనిపించింది. సిస్టర్ మాత్రం పోయి ఆమె పక్కన కూర్చుంది. ఒక్క మాట అనలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. ముప్పావు గంట అట్లాగే కూర్చుంది. ఆ అమ్మాయి లేచి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది.

సాయంత్రం సిస్టర్, బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడ్డ యోబు స్నేహితుల గురించి చెప్పింది. వాళ్లు యోబు గ్రంథమంతా వాదించి వాదించి చివరికి దేవుడి చేత చీవాట్లు తిన్నవాళ్లుగానే మనకు గుర్తు. కానీ మొదట వచ్చినప్పుడు అతని బాధ చూసి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడిపోయింది అంది సిస్టర్. అమ్మ తల మీద చెయ్యి పెట్టిన ఆ మనిషి నాకు గుర్తొచ్చాడు. అతను ఆ సాయంత్రం ఊరికే అమ్మ పక్కన కూర్చుని ఉంటే ఎంత బాగుండేది.

తరవాత ఐగుప్తు ఎడారి మఠవాసుల సంగతి. ఆర్సేనియస్ రోమా చక్రవర్తి థియొడోసియస్ కొడుకులకు చదువు చెప్పిన గురువు. మాటే బతుకుగా ఉన్నవాడు. ఏం చేస్తే రక్షణ దొరుకుతుందని దేవుణ్ణి అడిగితే పారిపో, మౌనంగా ఉండు, ప్రార్థన చెయ్యి అనే జవాబు వచ్చిందట. పాంబో అనే ఇంకో పెద్దాయన దగ్గరికి అలెగ్జాండ్రియా నుంచి ఆర్చిబిషప్పు థియోఫిలస్ వచ్చాడు. ఆయనకు ఒక మంచి మాట చెప్పమని అందరూ అడిగితే పాంబో, నా మౌనం వల్ల ఆయనకు మేలు కలగకపోతే నా మాట వల్లా కలగదు అన్నాడట. పదహారు వందల ఏళ్ల కిందటి ఈ సంగతులు మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఇవి కాథలిక్కులవో, ప్రొటెస్టెంట్లవో కావు. సంఘం రెండుగా చీలకముందు నుంచీ ఉన్న మన అందరి ఆస్తి.

బుధవారం

గంటసేపు ఒక్క వాక్యంతో కూర్చోమన్నారు. నలభై ఆరో కీర్తనలోది: ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి. దాన్ని వివరించుకోవద్దు, దాని మీద ప్రసంగం తయారు చేసుకోవద్దు. మనసు ఎటన్నా పోతే కోపం తెచ్చుకోకుండా మళ్లీ ఆ మాట దగ్గరికి రావాలి. కొందరికి సిస్టర్ తూర్పు సంఘాలవాళ్ల చిన్న ప్రార్థన ఇచ్చింది: ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు. ఊపిరి తీసుకుంటూ సగం, వదులుతూ సగం. యేసు చెప్పిన కథలో గుడిలో వెనక నిలబడి తల ఎత్తడానికి కూడా ధైర్యం చాలక రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి ప్రార్థనే ఇది, కొంచెం పెరిగింది అంతే.

మొదటి గంట అంతా నేను దేవుడికి వాక్యాలు కడుతూ ఉన్నాను. అలవాటు. కర్త, కర్మ, క్రియ, మధ్యలో ఒక వాగ్దానం, చివర్లో యేసు నామంలో. రెండో గంటలో మాటలు అయిపోయాయి. అయిపోయాక భయం వేసింది. ఇంక నా దగ్గర ఏమీ లేదే, ఇప్పుడేం చెయ్యాలి అని. ఆ భయం చాలాసేపు ఉంది. తరవాత అదీ పోయింది. కిటికీ బయట పాకాల వైపు పోయే రైలు కూత వేసింది. ఎవరో బావి దగ్గర బిందె దించారు. నేను ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. అయినా ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపించలేదు. దీన్ని ఇంతకంటే పెద్ద మాటల్లో రాయాలని లేదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త హోరేబు కొండ మీద నిలబడ్డప్పుడు గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, మెరుపు వచ్చింది. వాటిలో దేవుడు లేడు. అవన్నీ ఆగాక మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది. చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిన భాగం అది. గాలి, భూకంపం ఆగడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో అన్నది మాత్రం అప్పుడే తట్టింది.

అప్పుడే అమ్మ గురించి కూడా. పక్షవాతం వచ్చినప్పటినుంచీ అమ్మ ప్రార్థన చేసుకోలేకపోతోందే అని నేను బాధపడుతూ వచ్చాను. ఆమె కోసం నేను ప్రార్థన చేస్తున్నాననే అనుకున్నాను. వారాల తరబడి మాట రాని ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఆమె ఏం చేస్తూ ఉందో ఆలోచించలేదు. ఈ గదిలో మేము ఫోన్లు దాచుకుని, గంటలు కొట్టుకుని నేర్చుకుంటున్న దాంట్లో ఆమె అప్పటికే ఎంతో దూరం పోయి ఉండొచ్చు. ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తుందని పౌలు రోమావాళ్లకు రాసింది ఎవరో అరకొర విశ్వాసుల కోసం కాదు. మనందరి ప్రార్థన గురించీ రాశాడు.

గురువారం

వంటింట్లో పనిచేసే ఆమె ఊరి మనిషి. మాకు మాటలు లేవు గానీ ఆమెకు ఉన్నాయి, ఒకటీ అరా. రాగిసంగటి ముద్ద పెట్టి, పక్కన చెనక్కాయల ఊరుబిండి వేస్తూ నెమ్మదిగా అంది. "నేను గూడా కొండకు నడిచిపొయ్యేటప్పుడు ఎవురితోనూ మాట్లాడను మ్మా. మెట్లెక్కతా ఉంటే ఆ సామికి అన్నీ ఆయనంతట ఆయనకే తెలిసిపోతాయి." ఆమెది వేరే నమ్మకం, నాది వేరే. కానీ ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అనేసిందో చూస్తే గౌరవం కలిగింది. చెయ్యెత్తి దండం పెట్టాను.

సాయంత్రం సిస్టర్ రెండు కథలు చెప్పింది. నేను వచ్చిన పని ఆమెకు మంగళవారమే చెప్పి ఉన్నాను, బహుశా అందుకే ఎంచుకుందేమో. మొదటిది హన్నా. షిలోహు మందిరంలో ఆమె మనసులోనే ప్రార్థన చేసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. యాజకుడైన ఏలీ చూసి ఈమె తాగి ఉంది అనుకున్నాడు. మందిరంలో పుట్టి పెరిగినంత అనుభవం ఉన్న మనిషి, ప్రార్థన కళ్ల ముందు జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాడు! ఎందుకంటే అతనికి అలవాటైన పద్ధతిలో లేదు. రెండోది జెకర్యా. ధూపం వేసి బయటికి వచ్చిన యాజకుడికి మాట పడిపోయింది. బయట జనం దీవెన కోసం కనిపెట్టుకుని ఉన్నారు. అతను సైగలు చేస్తూ నిలబడ్డాడు. వాళ్లు మాత్రం ఇతనికి దర్శనం కలిగిందని గ్రహించారు. పిల్లాడు పుట్టి, పలక మీద యోహాను అని పేరు రాసేదాకా అతనికి మాట లేదు.

నాకు ఇక్కడ ఒక సందేహం వచ్చింది, మర్నాడు విడిగా మాట్లాడే దాకా ఆగలేక చీటీ రాసి పంపాను. జెకర్యాకు మాట పోయింది నమ్మకపోయినందుకు కదా, మా అమ్మను అన్నవాళ్లు ఆ వచనమే చూపిస్తారు అని. ఆమె రాత్రి నన్ను పిలిపించింది.

"జెకర్యాకు అది గుర్తుగా ఇచ్చాడు, ఎందుకిచ్చాడో దూత తానే చెప్పాడు. మీ అమ్మగారికి ఎవరు చెప్పారు? దూత వచ్చాడా?" అంది. తరవాత నిర్గమకాండం తీయించింది. తనకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం అన్న మోషేతో దేవుడు, మనిషికి నోరు ఇచ్చింది ఎవరు, మూగవాణ్ణి పుట్టించింది ఎవరు, నేనే కదా అంటాడు. నీ విశ్వాసం చాలలేదు అనలేదు. పక్కన అహరోనును తోడు పెట్టాడు.

కాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. తరవాత ఆమె ఒక్కటి అడిగింది. "మీ ఇళ్లల్లో కూటం జరిగినప్పుడు వరసగా ఒకరి తరవాత ఒకరు ప్రార్థన చేస్తారు కదా. అమ్మగారి వంతు వచ్చినప్పుడు ఏం చేస్తారు?"

"ఆమెను దాటి పక్కవాళ్లకు పోతాం సిస్టర్."

ఆమె తలూపింది. ఇంకేమీ అనలేదు.

శుక్రవారం

మధ్యాహ్నం భోజనం దగ్గర మాట్లాడుకోవచ్చని గంట కొట్టారు. చిత్రం, వెంటనే ఎవరూ మాట్లాడలేదు. ముందుగా నోరు విప్పింది పలమనేరు హెడ్మాస్టరు గారు. ఆయనకు ఈ చుట్టుపక్కల చరిత్ర బాగా తెలుసు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు ప్రాంతానికి వచ్చి, సన్యాసుల మాదిరి మాంసం ముట్టకుండా, తెలుగు నేర్చుకుని బతికిన సంగతి చెప్పారు. వాళ్ల మూలపురుషుడు లోయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఒంటరిగా ధ్యానం చేసుకున్నాడు. మేము ఈ వారం నడిచింది ఆ పద్ధతిలోనేనట, పూర్తిగా చేస్తే ముప్పై రోజులు. ప్రొటెస్టెంట్లలోనూ లేదనుకోవద్దమ్మా అన్నారు. 1921లో జేసుదాసన్, పేటన్ అనే ఇద్దరు డాక్టర్లు తమిళనాడు తిరుపత్తూరులో క్రిస్తుకుల ఆశ్రమం పెట్టి, రోగులకు వైద్యం చేస్తూ, ప్రార్థన, నిరాడంబర జీవితం రెండూ కలిపి బతికారు. మా వైపు బైబిల్ మిషన్ వాళ్లు ప్రభువు సన్నిధిలో కనిపెట్టడం, అంటే ఎదురుచూడడం, అంటారు, దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన మిషన్ అది అని నేనూ చెప్పాను. ఆయన ఆ మాట డైరీలో రాసుకున్నారు.

ఫోన్ తీసుకుని ఆన్ చేస్తే మెసేజీలు వరదలా వచ్చిపడ్డాయి. మా ఆయనకు, చిన్నమ్మకు తప్ప ఎవరికీ జవాబివ్వలేదు.

సాయంత్రం రైలుకు చిత్తూరు బయలుదేరాను. చంద్రగిరి, పాకాల మీదుగా. దారి పొడుగునా మామిడి తోటలు, పూత విరగబూసి ఉంది. ఈ ఏడు కాపు బాగుంటుందని బోగీలో అందరూ అదే మాట.

శనివారం

చిన్నమ్మ వాళ్లిల్లు గ్రీమ్స్‌పేటలో. అమ్మ నన్ను చూడగానే ఎడమ చెయ్యి చాచి "అదే! అదే!" అంది. చాలా సన్నగా అయిపోయింది.

పొద్దున పనులయ్యాక ఆమె కుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా నేను వాగుతూనే ఉండేదాన్ని. ఇంట్లో సంగతులు, పిల్లల సంగతులు, ఆమెకు విసుగు రాకూడదని. ఈసారి ఏమీ చెప్పలేదు. మొదట అమ్మ నా ముఖంలోకి అనుమానంగా చూసింది, ఏమన్నా అయిందేమోనని. నవ్వాను. తరవాత ఆమె కూడా కిటికీ వైపు తిరిగింది. ఎంతసేపైందో తెలీదు, సన్నగా పాట వినబడింది. అమ్మే. సండే స్కూల్లో నేర్చుకున్న పాత కీర్తన పల్లవి, మాటలు స్పష్టంగా! అనుపల్లవి దగ్గర ఆగిపోయింది. మాట్లాడలేని అఫేసియా రోగుల్లో కొందరు పాట పాడగలరనీ, ఎప్పటినుంచో నోటికి వచ్చిన ప్రార్థనలు, అంకెలు, వారాల పేర్లు అట్లాగే మిగిలి ఉండవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. కానీ మా ఎదుట అమ్మ ఇదివరకు ఎప్పుడూ పాడలేదు. చిన్నమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "పాపా, రోజూ టీవీ పెట్టి ఆమెను కూర్చోబెడతా ఉంటిని గదే, ఈ సద్దులో ఆమెకు పాటెట్ల గుర్తొస్తాది" అని గబగబా పోయి టీవీ ప్లగ్గు పీకేసింది.

సాయంత్రం చిన్నాయనతో కలిసి సంఘ పెద్ద ఇంటికి పోయాను. చిన్నమ్మ వాళ్లది దక్షిణ ఇండియా సంఘం. చిత్తూరు 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ తొలి కేంద్రాల్లో ఒకటి. దాన్ని స్థాపించిన స్కడ్డర్ అన్నదమ్ముల ఇంటి పిల్లే వేలూరులో ఆస్పత్రి కట్టిన ఐడా స్కడ్డర్. అమ్మ ఇప్పుడు వైద్యానికి పోయేది అక్కడికే. పెద్దాయనకు నా మనవి చెప్పాను. రేపు సాయంత్రం లెంటు కూటం చిన్నమ్మ ఇంట్లోనే. ఒకరి తరవాత ఒకరు చేసే గొలుసు ప్రార్థనలో అమ్మను దాటి పోవద్దు. ఆమె వంతు ఆమెకివ్వాలి. ఆమె ముగించేదాకా అందరం ఊరకుండాలి.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "పిల్లోళ్లు గోల చేస్తారు టీచరమ్మా. ఇంకోటి, ఆమె బాధపడదా, అందరూ తనవైపే చూస్తా ఉంటే?" న్యాయమైన ప్రశ్న. అమ్మనే అడుగుదాం అన్నాను. ఇంటికొచ్చి అడిగాం. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయనే, "సరే అక్కయ్యా" అన్నాడు.

ఆదివారం

పొద్దున ఆరాధన, మధ్యాహ్నం చిన్నమ్మ చేతి కోడికూర, చెప్పుకోవడానికి ఏమీ లేదు.

సాయంత్రం హాల్లో ముప్పై మంది దాకా. పాటలయ్యాయి, వాక్యం అయింది. గొలుసు ప్రార్థన మొదలుపెడుతూ పెద్దాయన లేచి సూటిగా చెప్పాడు. అక్కయ్య వంతు వచ్చినప్పుడు ఎవరూ తొందరపెట్టొద్దు, ఎవరూ ఆమె తరఫున మాట్లాడొద్దు, ఆమె ప్రార్థన చేస్తుంది, మనం ఏకీభవిద్దాం. ఏకీభవిద్దాం అన్న మాట నాకు తట్టలేదు. ఆయనే అన్నాడు.

వంతు వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుంది. ఫ్యాను తిరుగుతోంది, రోడ్డు మీద బైకులు. వెనక ఒక పిల్ల "అవ్వ నిద్రపోతాందా?" అని అడిగింది. వాళ్లమ్మ "కాదు, ప్రార్థన చేస్తాంది" అంది మామూలుగానే. ఆ మాట అందరం విన్నాం. అమ్మ మధ్యలో "అదే... అదే..." అంది, ఎడమ చెయ్యి ఒళ్లో కదిపింది, మళ్లీ ఊరకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. చాలాసేపు పట్టింది. మా స్త్రీల సమాజంలో ఆమె చేసే ప్రార్థనలూ ఇంతే పొడుగు. చివరికి "ఆమేన్" అంది. గట్టిగా, స్పష్టంగా. ముప్పై మందీ ఆమేన్ అన్నారు.

తరవాతి వంతు ఎదురింటి పదో తరగతి పిల్లాడిది. వాడు గడగడా పరీక్షల గురించి ప్రార్థన చేసేశాడు. అలా గొలుసు సాగిపోయింది.

కూటం అయ్యాక కాఫీ ఇస్తుంటే ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. పాతికేళ్లుంటాయి, మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని. అతనికి నత్తి. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒకసారి ప్రార్థన చేస్తుంటే పిల్లలు నవ్వారట, అప్పటినుంచీ తన వంతు రాగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి దాటించేస్తున్నాడు. ఈ సంగతి చెప్పడానికే అతనికి చాలాసేపు పట్టింది. నేను ఎక్కడా మాట అందివ్వలేదు, ఆగాను. చివర్లో అడిగాడు, తనకూ అట్లా వంతు ఇస్తారా అని. పెద్దాయన పక్కనే ఉన్నాడు. "ఇన్నేండ్లు అడగలేదేమప్పా" అన్నాడు. ఆ తరవాత తనే, "మేమైనా అడిగి ఉండాల్సింది" అన్నాడు.

సోమవారం

పొద్దున బస్సుకు గూడూరు తిరిగి వచ్చేశాను. మా పాస్టరు గారికి ఇదంతా చెప్పాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మైకు ఆపి కాసేపు అందరం ఊరకుండే సమయం పెడదామని అడిగాను. ఎంతసేపు అన్నారు. పది నిమిషాలు అన్నాను. ఐదుతో మొదలుపెడదాం అన్నారు. ఒప్పుకున్నాను.

రాత్రి చిన్నమ్మ ఫోన్ చేసింది. బుధవారం కూటం ఆ నత్తి అబ్బాయి వాళ్లింట్లోనట. మేడ మీద వాటా, మెట్లు ఎక్కువ. అమ్మ వచ్చి తీరాలని ఆ అబ్బాయి పట్టుబట్టాడట. ఫ్యాక్టరీలో తనతో పనిచేసే కుర్రాళ్లను ముగ్గురిని వెంటబెట్టుకొస్తాడు, కుర్చీతో సహా ఎత్తుకుపోతారు. కుర్చీ కాళ్లు వదులుగా ఉన్నాయని చిన్నాయన అప్పుడే మేకులు కొట్టిస్తున్నాడు.